కొత్త రేడియోలో ఒక పేరు ఎక్కువ

దెయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఇంజనీరింగ్ హాస్టల్లో తెల్ల దుప్పటి కప్పుకుని జూనియర్లను భయపెట్టే బాధ్యత మూడేళ్లు నాదే. ఆ పని చేసినవాడికి నమ్మకం మిగలదు, ఉక్కపోత మిగులుతుంది. పైగా ఇది పట్టపగలు, ఆదివారం, భోజనాల వేళ జరిగింది. దెయ్యాలకు కూడా అది సెలవు పూటే అనుకుంటాను.

2017లో నాకు రాజాంలో ఒక కాంట్రాక్టు ఉద్యోగం. డిజిటల్ రేడియోలు తయారుచేసే ఓ చిన్న కంపెనీ నా చేతికి ఒక రిసీవరు, ఒక బొత్తి ఫారాలు ఇచ్చి, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఊరూరా సిగ్నల్ ఎలా అందుతోందో రాసుకురమ్మంది. శ్రీకూర్మం వెళ్లినా, రామతీర్థం వెళ్లినా నేను చేసేది ఒకటే. ఒక అరుగు చూసుకుని కూర్చుని, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ఫారం నింపడం. రోజు మొత్తం మీద నాతో మాట్లాడేది బస్సు కండక్టరు ఒక్కడే. అతను కూడా "ఎనక్కి జరుగు" అనడానికే.

పని గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. రేడియో స్టేషన్‌లో మైకు ఒకటే, టవరూ ఒకటే. అదే మాట పాత పద్ధతిలో ఒకసారి, దాని పక్కనే అంకెలుగా మారి డిజిటల్‌లో ఒకసారి వెళ్తుంది. పాత రేడియో ముల్లును కాస్త పక్కకు జరిపితే ఆ డిజిటల్ సిగ్నల్, నూనెలో అప్పడం వేగుతున్నట్టు సుయ్‌మని వినిపిస్తుంది. దాన్ని మాటగా విప్పడం కొత్త రిసీవరుకే తెలుసు. విప్పడానికి సమయం పడుతుంది కాబట్టి డిజిటల్ ఎప్పుడూ కొన్ని సెకన్లు వెనక. సిగ్నల్ తగ్గితే పాత రేడియో గరగరలాడుతూనే ఏదో ఒకటి చెబుతుంది. డిజిటల్ అలా కాదు. వస్తే పూర్తిగా వస్తుంది, లేకపోతే మౌనం. సొంతంగా ఒక్క మాట కల్పించడం దానికి చేతకాదు. ఆ విషయంలో నాకంటే నయం.

నేను అద్దెకున్న ఇంటి యజమాని దేవదానం గారు. మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యారు. నేను చేరడానికి రెండు నెలల ముందే ఆయన భార్య మార్తమ్మ గారు పోయారు. వాళ్లకు పిల్లల్లేరు. ఏళ్ల తరబడి వాళ్లిద్దరి సరదా ఒకటే. ఆవిడ పోస్టుకార్డు రాసేది, ఆదివారం మధ్యాహ్నం కోరిన పాటల కార్యక్రమంలో ఇద్దరి పేర్లూ చదివేవారు. చర్చి నుంచి వచ్చి, కంచాల ముందు కూర్చుని వినేవారట. ఆవిడ పోయాక కార్డూ లేదు, పేర్లూ లేవు.

ఒకరోజు ఆయన నన్ను పిలిచి కార్డు చేతిలో పెట్టారు. కంటి ఆపరేషన్ అయి రాయలేకపోతున్నారు.

"ఒరే అబ్బాయ్, మా పెళ్లిరోజు వస్తన్నాది. ముందు నా పేరు రాయి, ఎనక మీ అత్త పేరు రాయి. ఒక్కపాలి ఇనాలని ఉన్నాదిరా."

ఆయన్ని మావయ్యా అని పిలుస్తున్నందుకు, నేనెన్నడూ చూడని మనిషి నాకు అత్తయిపోయింది. సరేనన్నాను. ఆయన పేరు మాత్రమే రాసి పోస్టు చేశాను.

ఎందుకలా చేశానంటే, ఆ పేరు వినగానే ఆయన ఏడుస్తారు. పక్కన నేనుంటాను. ఎవరైనా ఏడుస్తుంటే జోకు వేయడం తప్ప నాకు ఇంకేమీ రాదు. నా ఇబ్బంది తప్పించుకోవడానికి ఒక ముసలాయన కోరిక కొట్టేశాను. విషయం అంతే.

ఆ ఆదివారం ఆయన తన పాత రేడియో ముందు, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నారు. నేను పని ఉన్నట్టు రిసీవరు ఒళ్లో పెట్టుకున్నాను. కుడి చెవిలో ఇయర్‌ఫోన్, ఎడమ చెవి ఆయన రేడియో వైపు. రెంటికీ తేడా స్టాప్‌వాచ్‌తో చూశాను. నాలుగు సెకన్లు. రాసుకున్నాను.

పేర్లు మొదలయ్యాయి. పాత రేడియోలో, "రాజాం నుంచి దేవదానం. పాలకొండ నుంచి..." ఆయన చెయ్యి చాచి సౌండ్ పెంచారు. వెళ్లిపోయిన పేరు సౌండ్ పెంచితే వెనక్కి వస్తుందన్నట్టు.

నాలుగు సెకన్ల తర్వాత నా కుడి చెవిలో అదే అనౌన్సరమ్మ, అదే గొంతు. "రాజాం నుంచి మార్తమ్మ, దేవదానం. పాలకొండ నుంచి..."

ఇయర్‌ఫోన్ పీకి చూశాను. దాన్ని చూస్తే ఏం తెలుస్తుంది? మళ్లీ పెట్టుకున్నాను. పాట మొదలైంది. తేడా కొలిచాను, నాలుగు సెకన్లే. ఒక పేరు అదనంగా చదివితే ఇంకో సెకనైనా వెనకబడాలి కదా? వెనకబడలేదు. ఆ పేరు ఏ సందులో ఇమిడిందో నాకు తెలియదు.

"మీ అత్త పేరు సదవనేదేటిరా?" అన్నారాయన.

"కొత్తదాంట్లో సదివేరు మావయ్యా. ఇప్పుడే ఇన్నాను."

"నాతో ఏళాకోళాలాడకు."

"ఒట్టు."

ఆయన కట్టు కట్టని కంటిని నా వైపు తిప్పారు. "ఎవుల పేరు ముందొచ్చింది?"

"అత్తదే."

అప్పుడు నవ్వారు. "అదే మరి. అది కార్డు రాస్తే దాని పేరే ముందెట్టుకునీది. నాను ఎంత గోల సేసినా మార్సేది కాదు." నవ్వుతూనే ఆ కన్ను తుడుచుకున్నారు. నేను భయపడిన ఏడుపు అదే. చూస్తూ కూర్చున్నాను. జోకేమీ వేయలేదు.

ఆ వారం ఫారంలో "ధ్వని స్పష్టం, అంతరాయాలు లేవు" అని రాశాను. అబద్ధమేమీ కాదు.

తర్వాత పని మీద స్టేషన్‌కు వెళ్లినప్పుడు నా కార్డు వెతికించి చూశాను. నా కోడిగీతల్లో ఒక్కటే పేరు. అనౌన్సరమ్మ, ఉన్నదే చదివానంది. అక్కడి ఇంజనీరు, రెండు దార్లకూ వెళ్లేది ఒకే ధ్వని అని, తేడాగా రావడం జరగదని చెప్పాడు. నాకు తెలిసిన సంగతే. అయినా ఇంకొకరి నోట వినాలనిపించింది.

ఆ తర్వాత ఇద్దరి పేర్లతో ఇంకో కార్డు రాశాను. రెండు రేడియోల్లోనూ ఇద్దరి పేర్లూ వచ్చాయి, నేను రాసిన వరసలోనే, ముందు ఆయనది. ఆయన విని తలూపారు. మొదటిసారంత సంతోషపడలేదు.

కాంట్రాక్టు అయిపోయింది. రిసీవరు వెనక్కి ఇచ్చేశాను, గది ఖాళీ చేశాను. ఆయనకు ఇప్పటికీ ఫోన్ చేస్తుంటాను. కార్డులో ఆవిడ పేరు నేను రాయలేదన్న మాట మాత్రం చెప్పలేదు. చెబితే, మరైతే ఎవులు రాసినారని అడుగుతారు. దానికి నా దగ్గర జోకు కూడా లేదు.