మస్తాన్ మామ తూటాల డబ్బా

ఉదయం పెద్దావిడకు మందులివ్వడానికి డబ్బా తీసినప్పుడల్లా లోపల మాత్రలు గలగలమంటాయి. సౌదీలోని దమ్మామ్‌లో ఈ ఇంట్లో పనికి చేరి మూడేళ్లయింది. ఆ చప్పుడు వినగానే నా ముక్కుకు తుపాకీ నూనె వాసన తగులుతుంది. ఈ ఇంట్లో తుపాకీ లేదు. ఆ వాసన తాయిఫ్ కొండల్లోని ఒక తోటది, ఆ తోట చూసుకున్న మస్తాన్ మామది.

మామది మా రాయచోటి పక్కనే. వరసకు మామ కాడు. పరాయి దేశంలో మన మాటతో పలకరించిన పెద్దాయనను మరేమని పిలవను? నేను ఆ తోటకు వంటకు వెళ్లాను. అప్పటికి నాకు నలభై దాటాయి, ఒక్క అక్షరం రాదు. దానిమ్మ చెట్ల వెనక కొండవాలుకంతా కంచె వేసి మా కఫీల్, అంటే మమ్మల్ని పనికి తెప్పించుకున్న యజమాని, జింకల్ని పెంచేవాడు. అతన్ని అందరం బాబా అనేవాళ్లం. బయటి కొండల్లో జింకను కొట్టడం నేరం. కంచెలో మగవి ఎక్కువై ఒకదాన్నొకటి పొడుచుకునే చలికాలంలో మాత్రం, అనుమతి కాగితం తెచ్చుకుని ఒకటో రెండో కాల్చి తీసేసేవారు. ఆ పని మామకు అప్పగించారు.

తోటలో ఉన్నది సన్న తూటా తుపాకీ. "తుపాకి చిన్నదైతే తూటా ఎంచేటోడు పెద్దోడై ఉండల్ల పాపా," అనేవాడు మామ. దానికి రెండు రకాల తూటాలుండేవి. తేలికవి నక్కలకు. వాటి కొనకు ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, తగలగానే చిట్లిపోతాయి. జింకకు తగిలితే పైకండ చీల్చి ఆగిపోతాయి, అది గాయంతో పరుగెత్తుతుంది. బరువైనవాటి కొన మెత్తటి సీసం. అవి ఊపిరితిత్తుల దాకా దిగుతాయి, జింక నిలబడ్డచోటే పడుతుంది. మామకు దూరం చక్కగా కనిపించేది కానీ దగ్గరిది మసక. అందుకే తూటాల బీరువా దగ్గరికి నన్ను పంపేవాడు. "ఎర్ర డబ్బా తే పాపా." ఎర్రదంటే బరువైనవి, పచ్చదంటే తేలికవి. మా ఇద్దరికీ అదే గుర్తు. నింపేముందు ప్రతి తూటా కొననూ బొటనవేలితో తడిమి చూసుకునేవాడు.

ఆ ఏడు సరుకు వేరే కంపెనీది వచ్చింది. బీరువాలో ఒక ఎర్ర డబ్బా, ఒక నీలం డబ్బా ఉన్నాయి. నేను అనుమానం లేకుండా ఎర్రది తెచ్చాను. చలికి మామ చేతులకు ఉన్ని తొడుగులున్నాయి. తడమకుండానే నింపి, బిస్మిల్లా అని కాల్చాడు. జింక పడింది, మళ్లీ లేచింది, ఒక కాలు వేలాడుతుండగా వాలెక్కి పోయింది. గంటసేపు నెత్తుటి చుక్కల వెంట నడిచాం. ముళ్లచెట్టు కింద అది తల ఎత్తాలని చూస్తూ ఉంది. మామ మోకాళ్ల మీద కూర్చుని కత్తి పెట్టాడు. తరవాత తొడుగు విప్పి, తుపాకీలో మిగిలిన తూటా తీసి కొన తడిమాడు. ప్లాస్టిక్ ముక్క. నావైపు చూశాడు.

"ఏ తూటా వాడావు?" అని బాబా అడిగాడు.

"నా తప్పే బాబా. చూసుకోలేదు."

"ముసలివాడివయ్యావు మస్తాన్," అంటూ బాబా బీరువా తాళంచెవి కోసం చెయ్యి చాచాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరు విప్పితే నన్ను ఇంటికి పంపేస్తారేమోనని ఊరుకున్నాను.

మర్నాడు మామ రెండు ఖాళీ డబ్బాలు పట్టుకుని వంటింటికి వచ్చాడు.

"తెచ్చింది నేను గదా మామా. నువ్వెందుకు నెత్తినేసుకున్యావు?"

"నీకు సదువు రాదని తెలిసీ రంగు చెప్పి పంపిచ్చింది ఎవురు? నేనే గదా. కూచో."

"ఈ వయసులో నాకు సదువేంది? నవ్వుతారు."

"ఎవురు నవ్వేది? ఆ జింకలా?"

ఫోనులో అంకెలు గుర్తుపట్టేదాన్ని. డబ్బా మీదేమో మూడు నాలుగు చోట్ల అంకెలుండేవి, ఏది దేనిదో తెలియదు. తూటా బరువు ఉండేచోట, అంకె పక్కన 'గ్రెయిన్' అని ఇంగ్లీషులో ఉంటుంది. నా జీవితంలో నేను చదివిన మొదటి మాట అదే. తెలుగు దాని తరవాత వచ్చింది. తన కంటికి ఆనాలని మామ అట్టముక్కల మీద బొగ్గుతో ఒక్కో అక్షరం రొట్టె అంత రాసేవాడు. అందుకే నా చేతిరాత ఇప్పటికీ పెద్దది.

మరుసటి చలికాలం ఒక మగ జింక కంచెలో ఇరుక్కుని కాలు విరగ్గొట్టుకుంది. ఈసారి తుపాకీ బాబానే తీశాడు. నేను టీ తీసుకెళ్లేసరికి ఎర్ర డబ్బా విప్పుతున్నాడు. కళ్లు వాటంతటవే అంకె మీదికి పోయాయి.

"బాబా, ఇది నలభై. నక్కలది. ఆ నీలం డబ్బాలో అరవై నాలుగు ఉంది. జింకకు అది," అన్నాను నా వచ్చీరాని అరబ్బీలో.

అతను డబ్బా తిప్పి చదువుకున్నాడు. "నీకెవరు నేర్పారు?"

"మస్తాన్." అక్కడితో ఆపొచ్చు. ఆ జింక తల ఎత్తబోవడం గుర్తొచ్చింది. "పోయినేడు తప్పు డబ్బా తెచ్చింది నేను. అప్పుడు నాకు చదవడం రాదు. ఆయన తన మీద వేసుకున్నాడు."

బాబా తుపాకీ కింద పెట్టాడు. జేబులోంచి బీరువా తాళంచెవి తీసి నా పళ్లెంలో పెట్టాడు. "తీసుకెళ్లి ఇవ్వు."

మామ తాళంచెవి అందుకుని ముందు తిట్టాడు. "నోరు మూసుకోనుంటే నీ సొమ్మేం పోయె? పంపిచ్చేసుంటే?" ఆ తరవాత వెళ్లి తుపాకీ అందుకుని, "డబ్బా తే పాపా," అన్నాడు. రంగు చెప్పలేదు. మామ కాల్చాక ఆ జింక ఒక్క అడుగు కూడా వెయ్యలేదు.

ఏడాది తిరక్కుండా మామ ఎగ్జిట్ మీద, అంటే మళ్లీ రాకుండా, ఊరికి వెళ్లిపోయాడు. ఆ తరవాత నేను ఈ ఇంటికి మారాను. పోయిన వారం పెద్దావిడ మాత్రల డబ్బా రంగు మారి వచ్చింది. "అవే మాత్రలు, ఇవ్వు," అని ఆవిడ తొందరపెట్టింది. నేను పేరు చదివాను, అంకె చదివాను, పాత డబ్బాతో సరిచూశాను. "డాక్టరమ్మవా నువ్వు?" అని ఎగతాళి చేసింది. నవ్వి, మాత్రను బొటనవేలితో ఒకసారి తడిమి, ఆవిడ చేతిలో పెట్టాను.