గౌరవ్వకు పెట్టిన నీలిమందు

ఆ రోజుల్లో మా దిక్కు వాళ్ళకు ఎడారి దేశాలన్నీ కలిపి ఒకటే పేరు, దుబాయి. సౌదీకి పోయినా, మస్కట్‌కు పోయినా, ‘వాడు దుబాయి పోయిండు’ అనేవారు. అక్కడ ఏం పని చేస్తున్నాడని అడగడం మర్యాద కాదు. అది నాకెంతో మేలు చేసింది. ఖర్జూరపు తోటలో చెట్లెక్కే పని అని చెప్పి తీసుకుపోయిన నన్ను, సౌదీలో ఉనైజా ఊరి బయట ఒక ముసలి ఆడగుర్రానికి సేవకుడిగా పెట్టారని ఊళ్ళో తెలిస్తే ఎట్లా ఉండేదో! (అంతకు ముందు నేను గుర్రాన్ని చూసింది ఒక్కసారే, ఎవరిదో పెళ్ళి బారాత్‌లో, అదీ వెనక నుంచి.) కువైట్ యుద్ధం ముగిసి ఏడాది కాలేదు. నాకిచ్చిన గది కిటికీ అద్దాలకు, బాంబులకు పగిలి మీద పడకుండా అంటించిన పట్టీలు ఇంకా అట్లాగే ఉన్నాయి. అంతకు ముందు ఆ గదిలో ఉన్న యెమెన్ పనివాళ్ళు యుద్ధం నాడు దేశం విడిచి పోయారట. గోడ మీద పెన్సిలుతో రాసుకున్న వాళ్ళ పేర్లు మిగిలాయి. అవి చదవడం రాక రోజూ ఊరికే చూసేవాణ్ణి.

తోటలో నాతో పాటు ఉన్నది ఒక్క మనిషి, సర్గోధా నుంచి వచ్చిన పాకిస్తానీ ముసలాయన. చాచా అనేవాణ్ణి. గుర్రాల సంగతి ఆయనకు తెలియనిది లేదు. మనుషుల సంగతి తెలుసుకోవాలన్న ఆశ మాత్రం ఎప్పుడో వదిలేసుకున్నాడు. రోజుకు పది మాటలు మాట్లాడేవాడు, అందులో ఆరు గుర్రంతో. నా హిందీ నాలుగు ముక్కలకే అలిసిపోయేది. ఇక తెలుగు మాట్లాడే మనిషి కనుచూపు మేరలో లేడు. ఎనిమిది నెలలు! ఉత్తరం రాస్తే ఇంటికి చేరడానికి ఇరవై రోజులు, జవాబు రావడానికి ఇంకో ఇరవై. అందుకని నేను గుర్రంతోనే తెలుగు మాట్లాడటం మొదలుపెట్టాను. దాని అరబ్బీ పేరు నాకు నోరు తిరగలేదు. మా మేనత్త లాగే మెల్లగా తల తిప్పి, ‘ఏందిరా?’ అన్నట్టు చూసేది కనుక గౌరవ్వ అని పేరు పెట్టుకున్నాను. పొద్దున దాణా పెడుతూ కల చెప్పేవాణ్ణి, సాయంత్రం ఒళ్ళు తోముతూ మా ఊరి తగాదాలు చెప్పేవాణ్ణి. కొన్నాళ్ళకు అది అరబ్బీలో పిలిస్తే పలకడం మానేసింది.

మా కఫీల్‌కు (అంటే నన్ను పిలిపించిన యజమానికి) ఈ గుర్రం మీద మనసు లేదు. పంతొమ్మిదేళ్ళు నిండాయి, వెనక కాలు ఒకటి కాస్త ఈడుస్తుంది, తిండి దండగ అనేవాడు. దాన్ని ఉంచింది ఆయన తండ్రి. ఆయన్ని అందరూ షేబా, అంటే పెద్దాయన అనేవారు. భార్య పోయినప్పటి నుంచి ఆయన నవ్వింది ఎవరూ చూడలేదని చాచా చెప్పాడు. రోజూ వచ్చి గౌరవ్వ నుదురు నిమిరి, ఒక ఖర్జూరం పెట్టి వెళ్ళిపోయేవాడు. ఒకనాడు తండ్రీకొడుకులకు మాటా మాటా పెరిగింది. చివరికి కఫీల్ తేల్చాడు: వచ్చే గురువారం ఊరి మైదానంలో గుర్రాల పోటీ ఉంది, అందులో నలుగురూ దీన్ని మెచ్చుకుంటే ఉంటుంది, లేకపోతే బురైదా ఊరి వ్యాపారికి అమ్మేస్తాను.

ఆ మాట చాచా నాకు విడమరచి చెప్పగానే నేను గౌరవ్వ దగ్గరికి పరుగెత్తాను. గౌరవ్వ పోతే నేను తెలుగు ఎవరితో మాట్లాడాలి? చెట్లతోనా?

పోటీ కాగితం ఇంగ్లీషులో, అరబ్బీలో ఉంది. చాచాకు రెండూ చదవడం రాదు. నేను పదో తరగతి ఇంగ్లీషు ఒక్కదాంట్లోనే తప్పాను కనుక, తోట మొత్తానికి ఇంగ్లీషు పండితుణ్ణి నేనే. మూడు పోటీలు ఉన్నాయి: స్వారీ, వయసు మళ్ళిన ఆడగుర్రాల అందం, అలంకరణ. చాచా స్వారీకే పట్టుబట్టాడు.

“మై బైఠూంగా,” అన్నాడు ఛాతీ విరిచి. తాను ఎక్కుతాడట.

“చాచా, ఉస్కా పైర్…” అన్నాను, దాని కాలు చూపించి. ఆయన తన మోకాలు కూడా ఒకసారి చూసుకుని ఊరుకున్నాడు. అలంకరణకు మా దగ్గర ఒక్క పూస కూడా లేదు. అందుకని అందాల పోటీకి గుర్తు పెట్టి, రంగు అన్న చోట ‘తెలుపు’ అని నా జీవితంలోకెల్లా అందమైన అక్షరాలతో రాశాను.

తీరా చూస్తే అది అంత తెలుపేమీ కాదు. పేడలో పడుకుని పడుకుని పిర్ర మీద పసుపు మరక, చేటంత. సబ్బుతో రుద్దినా పోలేదు. గురువారం పొద్దున చాచా ఒక చిట్కా చెప్పాడు: బకెట్ నీళ్ళలో ఒక్క మూతెడు నీలిమందు. అదే, బట్టలకు పెట్టేది. మా అమ్మ మా నాయన ధోతులకు పెట్టేది కనుక ఆ విద్య నాకు కొత్తేమీ కాదనుకున్నాను. ఒక మూత పోశాను, మరక కదల్లేదు. రెండు పోశాను. ఇంతలో చాచా నమాజుకు వెళ్ళాడు. బురైదా వ్యాపారి మొహం నా కళ్ళ ముందు కదిలింది (ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు). సీసా మొత్తం వంచేశాను. మరక ఒక్కటే పోతే మిగతా ఒళ్ళు చిన్నబోతుందని, తోక దాకా బాగా పట్టించి ఎండలో నిలబెట్టాను.

చాచా తిరిగొచ్చి చాలాసేపు చూశాడు. “యే క్యా హై?” అన్నాడు చివరికి.

గౌరవ్వ ఆకాశంలా ఉంది. మబ్బు లేని ఆకాశం. ఆరు బకెట్ల నీళ్ళు పోశాం, రంగు ఇంకా నిగ్గుతేలింది. చేటంత మరక మాత్రం నీలం, పసుపు కలిసి ఆకుపచ్చగా తయారైంది.

మైదానం గేటు దగ్గర ఉన్న గుమాస్తా కాగితం చూశాడు, గుర్రాన్ని చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు. రాసింది తెల్ల గుర్రం, వచ్చింది ఇది, కుదరదన్నాడు. మా కఫీల్ మమ్మల్ని చూడగానే, ఎవరో అన్నట్టు మొహం తిప్పుకుని దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. నేను ఏడుపు మొహంతో గుమాస్తాను బతిమాలితే, ఆయన జాలిపడి అలంకరణ పోటీలో ఇంకా చోటుందన్నాడు. అప్పటికే అక్కడికి వచ్చి ఉన్న షేబా తన బండి వెనక వెతికి, ఎప్పటివో ఒంటెకు కట్టే ఉన్ని కుచ్చులు తెచ్చి నా చేతిలో పెట్టాడు. అవి చూడగానే నా చేతులకు ప్రాణం వచ్చింది. పొలాల అమావాస్యకు ఎడ్లను సింగారించిన చేతులవి! నుదుటి మీద రెండు, మెడకు దండలాగా నాలుగు, జూలుకు ముడులు, నా ఎర్ర తువ్వాల నడుముకు. ఎడ్ల కొమ్ములకు కట్టాల్సినవి ఎక్కడ కట్టాలో తెలియక చెవులకు కట్టాను.

లోపల మిగతా గుర్రాలన్నీ వెండి గొలుసులతో మెరుస్తున్నాయి. గౌరవ్వ బరి మధ్యకు వచ్చి నిలబడిపోయింది. లాగితే రాదు. తీర్పు చెప్పే నలుగురు పెద్దలు చూస్తున్నారు. వాళ్ళున్నారన్న సంగతి మరిచి, “నడువే గౌరవ్వా, నీ కాల్మొక్త, జర నడువే!” అని గట్టిగానే అన్నాను.

“ఓ అన్నా! ఏ ఊరే నీది?”

కట్టె కంచె అవతల నుంచి వచ్చింది ఆ గొంతు. మైకు తీగలు సరిచేస్తున్న ఒక మనిషి, చేతిలో పట్టకారుతో, నోరు తెరిచి నన్నే చూస్తున్నాడు. నేను పరుగెత్తాను. గౌరవ్వ కూడా నా వెనకే, అంతసేపూ కదలనిది.

“ఆర్మూర్ దిక్కన్నా! నీదో?”

“మెట్‌పల్లి. గుర్రం గిట్ల నీలంగున్నదేందే?”

“నీలిమందు జరంత ఎక్కువైందే.”

“జరంతనా? మా దిక్కు గోడలకు గూడ గింత ఎయ్యరు!”

ఇక అంతే. పోటీ లేదు, పెద్దలు లేరు. వానలు పడ్డాయా, పసుపు ధర ఎట్లుంది, మక్క గడుక తిని ఎన్నాళ్ళైంది… కంచెకు ఆనుకుని మాట్లాడుతూనే ఉన్నాను. మైకులో నా నంబరు మూడుసార్లు పిలిచారట. చివరికి ఒకాయన వచ్చి నా భుజం తట్టి బయటకు దారి చూపించాడు. అప్పుడు వినిపించింది నవ్వు. కుర్చీలో కూర్చున్న షేబా, చేతికర్ర నేల మీద కొడుతూ, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు గౌరవ్వను మరిచిపోయి ఆయన్నే చూస్తున్నారు. కొడుకు ఏదో చెప్పబోతే పెద్దాయన చెయ్యెత్తి, “ఖల్లీహా!” అన్నాడు. ఉండనీ దాన్ని, అని. కఫీల్, తన తండ్రి మొహం చూసి, సరేనని తలూపాడు. బురైదా మాట మళ్ళీ రాలేదు.

నేను సంతోషంగా కంచె దగ్గరికి తిరిగి వెళ్ళేసరికి ఆ అన్న తీగలు చుట్టేసుకుంటున్నాడు. మళ్ళీ ఎప్పుడు కలుద్దామని అడిగాను.

“యాడ కలుస్తం తమ్మీ? ఎగ్జిట్ కొట్టిచ్చుకున్న. ఐతారం నాడు ఇంటికి పోతున్న. మీ అమ్మకు ఏమన్న చెప్పాల్నా?”

ఏమని చెప్పాలి? చెప్పాల్సింది ఎనిమిది నెలలది ఉంది. కిటికీకి అంటించిన పట్టీలు, గోడ మీద చదవరాని పేర్లు, కల చెప్పుకోవడానికి గుర్రం తప్ప దిక్కులేకపోవడం. అదంతా పక్కన పెట్టి, మా ఊరు, అమ్మ పేరు చెప్పి, “మంచిగున్న అని చెప్పే,” అన్నాను. బండి ఎక్కుతూ ఆయన చెయ్యి ఊపాడు. ఆ రాత్రి గౌరవ్వకు దాణా పెడుతూ నేనొక్క మాట కూడా మాట్లాడలేదు.

రెండు నెలలకు అమ్మ ఉత్తరం వచ్చింది, పక్కింటి పిల్లతో రాయించింది. ఎవరో అన్న ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడట, అన్నం తిని పోయాడట. ‘నువ్వు మంచిగున్నవని చెప్పిండు బిడ్డా. ఆయన గట్ల చెప్తున్నప్పుడే నాకు తెలిసింది, నువ్వు మంచిగ లేవని. పానం బాగ జూసుకో.’

ఇప్పుడు నాకు మనవలున్నారు, మాట్లాడేందుకు ఇంటి నిండా మనుషులున్నారు, ‘ఇగ సాలు, ఊకో’ అని వాళ్ళే నన్ను ఆపుతుంటారు. ఆ మెట్‌పల్లి అన్నను మాత్రం వెతకలేకపోయాను. ఆయన ఊరి చెరువు నిండిందో లేదో అడిగాను, పసుపు ధర అడిగాను, పేరు అడగడం మరిచిపోయాను. అమ్మ కూడా, రెండోసారి అన్నం వడ్డించింది కానీ పేరు అడగలేదట.