కడపకు అవతలి చదువు

ఆ కబురు నాకు మొదట మోసుకొచ్చింది మా తమ్ముడి కూతురు సులోచన. ఆళ్లగడ్డలో టీచరుగా ఉంది. బస్సు దిగి, నంద్యాలలో మా ఇంటి ముందర చెప్పులు విడుస్తూనే, "అత్తా, మన ఊర్లో నువ్వు చదివిన బళ్లో పాత బెంచీలన్నీ బయట పారేసినారు. కొత్త బల్లలొచ్చినాయి. నేలకు బోల్టులేసి బిగిస్తాండారు, ఇంక జరపను గూడ రాదు," అంది. ఆమె చీర కుచ్చిళ్ల నుంచి సుద్దపొడి వాసన వస్తోంది. పిల్లలకు వీపు ఆనించుకునే బల్లలు వచ్చాయంటే దేవుని దయే, సంతోషించాల్సిన మాటే. కానీ ఆ వాసనకు, 'జరపను రాదు' అన్న మాటకు, ఇంత వయసులోనూ నా ఊపిరి బిగుసుకుపోయింది.

చిన్నప్పుడు నాకు ఆయాసం. అందుకని ఈడు పిల్లలంతా బడికి పోతుంటే నేను ఇంట్లోనే మా అవ్వ శాంతమ్మ దగ్గర చదువుకున్నాను. తెల్లవారి జొన్నరొట్టెలు తట్టే వేళ అవ్వ పొయ్యి దగ్గర కూర్చునేది. పొగ నాకు పడదని వంటింటి కడపకు, అదే గడపకు, అవతల మెట్టు మీద నన్ను కూర్చోబెట్టేది. మా మధ్య కడప మీద మడిచిన తువ్వాలు పరిచి, దాని మీద కీర్తనల పుస్తకం పెట్టేది. ఒక చేత్తో రొట్టె తిప్పుతూ, ఇంకో చేతి వేలితో అక్షరం చూపిస్తూ, పిండి అంటిన ఆ వేలు ఆగినచోటల్లా నన్ను పలకమనేది. వానాకాలం నల్లరేగడి బురద మెట్టు దాకా వచ్చినా, ఎండాకాలం మెట్టు కాలినా, పండగ ముందు కజ్జికాయల బెల్లం పాకం వాసన నోరూరించినా, మా ఇద్దరి చోట్లు మాత్రం మారేవి కావు. అచ్చనగండ్లాడే పిల్లల అరుపులు వీధిలోంచి వినబడుతుంటే నేను గడగడా చదివేదాన్ని. దేవుడు నాకు గాలి తక్కువిచ్చినా చదువు ఎక్కువిచ్చాడని అవ్వ మురిసిపోయేది.

అమ్మ మిరపచేలల్లో కూలికి పోయేది. సాయంత్రం ఆమె కొంగు దగ్గరికి రాగానే ఆ ఘాటుకు నాకు దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. చదువు అబ్బకపోతే నేనూ ఆ చేలకే పోవాలని ఇంట్లో అందరికీ తెలుసు. ఆయాసం కాస్త నెమ్మదించగానే నాయన నన్ను బళ్లో చేర్చింది ఆ భయంతోనే.

బళ్లో బెంచీలు వరసలుగా, అన్నీ నల్లబోర్డు వైపుకే చూస్తూ ఉన్నాయి. నా ముందర కూర్చునేవాళ్లు ఎవరూ లేరు, వీపులు తప్ప. పెద్దయ్యవారు వాచకం చేతికిచ్చి చదవమన్నారు. చూస్తే నాకు ఒక్క అక్షరమూ తెలిసింది కాదు. తలకట్లన్నీ పైకెక్కి ఉన్నాయి, బిందెల్లా నెత్తిన ఉండాల్సిన ఒత్తులు కాళ్ల కింద పడి ఉన్నాయి. పుస్తకం తిప్పి పట్టుకున్నాను.

"ఏందిమే ఇది? ఎగతాళా? తలకిందులు పట్టుకుంటాండావ్?"

"తలకిందులమ్మ వచ్చిందిరోయ్!" అని వెనక బెంచీలో ఎవరో అరిచారు. బడంతా నవ్వింది. పుస్తకాన్నయితే తిప్పుకోవచ్చు. బోర్డును ఎట్లా తిప్పేది? దాన్ని చూస్తేనే నాకు ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. "దసరా సెలవుల్లోపల బోర్డు మీద చదవాల. ల్యాకుంటే ఇంటికే. ఈడ కుచ్చోబెట్టి ఏం లాభం?" అన్నారు పెద్దయ్యవారు. ఇంటికి అంటే మిరపచేనికి అని ఆయనకు తెలియదు.

మా తరగతి టీచరమ్మ సుగుణమ్మ. ఒకరోజు ఆమె మేజా మీద పుస్తకం పెట్టుకుని పాఠం చూసుకుంటుంటే, ఎదురుగా నిలబడ్డ నేను నాకు తెలియకుండానే పైకి చదవసాగాను. ఆమె తలెత్తింది.

"ఆడ్నుంచి కనపడతాందా నీకు?"

"ఈడ్నుంచే గదా టీచర్ కనపడేది."

"ఎవరు నేర్పించినారు?"

"మా అవ్వ."

"మీ అవ్వ యాడ కుచ్చుంటాది?"

"పొయ్యికాడ. నేను కడప అవతల."

ఆమె నవ్వలేదు. మర్నాడు బెంచీలన్నీ గోడలకు జరిపించింది. అందర్నీ నేల మీద గుండ్రంగా కూర్చోబెట్టి, మధ్యలో సుద్దతో పెద్ద పెద్ద అక్షరాలు రాసింది. కొందరికి తిన్నగా, కొందరికి పక్కవాటంగా, కొందరికి తలకిందులుగా కనబడ్డాయి. తిన్నగా కనబడనివాళ్లంతా తడబడ్డారు, ఆమెకు ఎదురుగా కూర్చున్న నేను తప్ప. ఇంక నన్ను చూసి నవ్వేవాళ్లు లేరు. రోజూ నన్ను మాత్రం కాస్త కాస్తగా తన పక్కకు, అక్షరాలు తిన్నగా కనబడే వైపుకు జరిపేది. అక్షరాలు ఒరిగిపోయిన రోజుల్లో నాకు వచ్చినవీ పోయాయనుకుని భయపడేదాన్ని. పలకరిస్తే ఏడుపొచ్చేది.

పెద్దయ్యవారు తొంగిచూసి, "ఇది బడా, చెనిక్కాయలు వొలిచే కల్లమా టీచరమ్మా?" అన్నారు.

"గట్టికాయ ఒకటుంది సార్, వొలుస్తాండా," అంది ఆమె.

దసరా సెలవులకు ముందు, పెద్దయ్యవారు పెట్టిన పరీక్ష నాడు బెంచీలు మళ్లీ వరసలకొచ్చాయి. లేచి నిలబడితే గొంతులో ఈల మొదలైంది. బోర్డు మీది గీతలు కాసేపు చీమల బారులా పాకాయి. మనసులో ప్రార్థన చేసుకుని, టీచరమ్మ పక్కన కూర్చున్నట్టే తలచుకుని కళ్లు తెరిచాను. తలకట్లు తలల మీదే ఉన్నాయి. "వాన... వచ్చింది. చెరువు... నిండింది." పెద్దయ్యవారు ఒకే మాట అన్నారు: "కుచ్చో."

ఆ సాయంత్రం కడప మీద పుస్తకాన్ని నా వైపుకు తిప్పి అవ్వకు చదివి వినిపించాను. పెనం మీద రొట్టె మాడిపోయింది. "అయ్యో తల్లీ, నీ చదువు తలకిందులు చేసింది నేనేనా?" అని గుండె పట్టుకుంది. ఆమె అంత భయపడగా నేనెన్నడూ చూడలేదు. తర్వాత పెనం దించి, మొదటిసారిగా కడప దాటి వచ్చి మెట్టు మీద నా పక్కన కూర్చుంది.

ఇప్పుడు ఆ పొయ్యీ లేదు, మెట్టూ లేదు, మా నంద్యాల ఇంట్లో గదులకు కడపలే లేవు. ఈ కథ చెబితే అందరూ టీచరమ్మను మెచ్చుకుంటారు, అవ్వను తలచుకుని నవ్వుతారు. సుగుణమ్మ టీచరును తలచుకోవడానికి ఆమె చదివించిన పిల్లలు ఊరూరా ఉన్నారు. మా అవ్వ నంద్యాలలో ఒకరింట్లో పాచిపని చేస్తూ, ఆ ఇంటి పిల్లల వెనక నిలబడి నాలుగు అక్షరాలు నేర్చుకుంది. వాటిని ఆమె ఇచ్చింది నాకొక్కదానికే. నేను పోతే ఆమెను తలచుకునేవాళ్లు ఉండరు. ఇది చదివిన మీరైనా మా అవ్వ శాంతమ్మను ఒక్కసారి తలచుకోండి.