మూడు వందలే కదా అన్న మాట

ఫెలీసా మొగుడు సాంతో పోయి ఆ వేళకి తొమ్మిదో రోజు. ఇలోయిలో అనే ఊళ్ళో, హారో పేటలోని వాళ్ళింట్లో రోజూ మధ్యాహ్నం మూడింటికి ప్రార్థన జరిగేది. ముందు వరసలో అత్తగారు తెలెస్ఫోరా తన పక్క కుర్చీ మీద చేతిసంచి పెట్టి ఉంచేది. కోడలు రాగానే తీసేది.

"రా తల్లీ, నా పక్కన కూర్చో. వాడు నిన్ను పెట్టిన బాధలు నాకు తెలియవా ఏం?" అనేది, నలుగురికీ వినబడేలా.

మేరీమాత బల్ల మీద మామగారి ఫొటో ఒక్కటే ఉంది. సాంతోది సొరుగులో ఉంది. "ఫోన్లో పేకాడి ఇల్లు గుల్ల చేసినవాడికి వాళ్ళ నాన్న పక్కన చోటు లేదు" అని ఆవిడ మొదటిరోజే తేల్చేసింది. ఫెలీసా తల వంచుకుంది. దుఃఖమనుకున్నారు అందరూ.

సాంతో జనాన్ని ఎక్కించుకు తిరిగే ట్రైసికిల్ బళ్ళకు వెల్డింగ్ చేసేవాడు. మెడ, చేతులు మాడి నల్లగా, ముఖం మాత్రం ముసుగు చాటున ఉండి తెల్లగా ఉండేది. "ఎవరి తలకాయ తెచ్చి అతికించుకున్నావయ్యా?" అని ఏడిపించేది ఫెలీసా. "అతుకు గట్టిదే, కావాలంటే లాగి చూడు" అనేవాడు.

భోజనమయ్యాక ఫోన్లో ఒకటో రెండో చిన్న పోకర్ పోటీలు ఆడేవాడు, అంతే. ఒకరోజు వాళ్ళ చిన్నాన్న కూతురు జోవిత వచ్చింది. ఆ పోటీలకు మనుషుల్ని చేర్చడం ఆమె పని. ఫెలీసా రొయ్యలు ఒలుస్తుంటే పక్కన చతికిలబడి తనూ నాలుగు తీసుకుంది.

"అన్నయ్య ఎలాగూ ఆడుతున్నాడు కదా వదినా. నా కింద చేరిస్తే నీకు వాపసొస్తుంది. పోటీకి నూటపది పెసోలు కడతాడా? వంద బహుమతుల్లోకి పోతుంది, పది ఆడించేవాళ్ళ ఫీజు. ఆ పదిలో మూడు ప్రతి సోమవారం నీ ఫోన్‌కి."

"ఓడిపోతేనో?"

"ఓడినా వస్తుంది. నెలలో అన్నయ్య కట్టిన ఫీజంతా కలిపి రెండువేలకి చేరిందనుకో, ఆ మూడు కాస్తా నాలుగవుతాయి, నెల మొత్తానికీ."

ఓడినా వస్తుందన్న మాట ఫెలీసా మనసులో నాటుకుపోయింది. లోపలికెళ్ళే నూటపది ఆమె ఎన్నడూ చూడలేదు, సోమవారం బయటికొచ్చే మూడే చూసింది. దాంతో చేపలు కొనేది. తక్కువ వచ్చిన వారం గిన్నెలు చప్పుడు చేసేది.

"ఈ వారం నిద్రపోయావా ఏం? చేప తలకాయక్కూడా చాలలేదు."

అతను నవ్వేసి ఫోను తీసేవాడు. ఒకటీ రెండూ కాస్తా ఆరూ ఏడూ అయ్యాయి.

కిందటి నెల ఇరవై ఎనిమిదిన పని నుంచి వచ్చి గడప మీదే కూర్చున్నాడు.

"ఫెలీ, ఇంక మానేస్తాను. కళ్ళు మూసుకున్నా ముక్కలే కనపడుతున్నాయి."

ఆమె ఫోను చూసింది. ఆ నెల ఫీజు పదిహేడు వందల దగ్గర ఆగి ఉంది.

"మూడు వందలే కదా తక్కువ! అది పూర్తిచేసి మానెయ్."

"మూడు వందలంటే..." అని ఏదో చెప్పబోయి, ఆమె ముఖంకేసి చూసి, "సరేలే" అన్నాడు.

ఆ సోమవారం రెండొందలు ఎక్కువొచ్చాయి. ఆమె పెద్ద చేపలు కొని పులుసు పెట్టింది. అతను ముట్టుకోలేదు. వెల్డింగ్ మిషను బాగుకిచ్చానని చెప్పి ఎవరిదో అడిగి తెచ్చుకుని పని చేశాడు. ఇంకో పది రోజులకి షాపులోనే కూలబడ్డాడు. తలలో నరం చిట్లిందన్నారు.

ఎనిమిదో రోజున చొక్కాలు మడతపెడుతుంటే జేబులో తాకట్టు చీటీ దొరికింది. వెల్డింగ్ మిషను, మూడువేల ఐదొందలు. తేదీ ఇరవై ఎనిమిది. ఫెలీసా ఆ చీటీ పట్టుకుని జోవిత ఇంటికి వెళ్ళింది.

"ఫీజు మూడొందలంటే ముప్పై పోటీలు వదినా. ముప్పై నూటపదులు. మూడువేల మూడొందలు పెట్టాలి. నీకు తెలుసనుకున్నానే!"

ఫెలీసా చీటీ మడిచి పట్టుకుని ఇంటికొచ్చేసింది.

తొమ్మిదో రోజు ప్రార్థనకి ముందు పక్కింటి బెర్తో బిస్కెట్ డబ్బా ఒకటి తెచ్చాడు. శవం ఇంట్లో ఉన్నన్నాళ్ళూ వాకిట్లో పేకాడినవాళ్ళు, ఆటాటకీ చావింటివాళ్ళకని తీసిపెట్టిన చిల్లర అది. కాదనడం ఆ పేటలో లేదు.

"తీసుకోవే," అంది తెలెస్ఫోరా, సంచి మీద చెయ్యేసి. "బతికుండగా నీ నోటి దగ్గరది లాక్కున్న పేక, వాడు పోయాకైనా నీకు కొంత తిరిగిచ్చింది."

ఫెలీసా చేతులు చాచలేదు.

"నాకు ముందే ఇచ్చింది అత్తమ్మా. ప్రతి సోమవారం ఇచ్చింది. కిందటి నెల ఇరవై ఎనిమిదిన అతను మానేస్తానన్నాడు. ఆడమన్నది నేనే. మూడు వందలే కదా అన్నాను."

బెర్తో డబ్బాని చంకలోకి మార్చుకుని గోడవైపు చూశాడు. ఫెలీసా చీటీ తీసి అత్తగారి ఒళ్ళో పెట్టింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, తేదీ చదివి, మళ్ళీ చదివింది. లేచి సొరుగు లాగింది. కొడుకు ఫొటోని చేతిరుమాలుతో అటూ ఇటూ తుడిచి మొగుడి ఫొటో పక్కన నిలబెట్టింది. "మానేస్తానన్నాడా?" అంది ఫొటోతోనే.

"అన్నాడు అత్తమ్మా."

ఆవిడ వచ్చి తన కుర్చీలో కూర్చుంది. పక్క కుర్చీ మీది సంచి తియ్యలేదు. ప్రార్థన మొదలైంది. ఫెలీసా గుమ్మం దగ్గర, చెప్పులు విడిచినచోట మోకాళ్ళ మీద కూర్చుంది. అక్కణ్ణుంచి సాంతో ముఖం కనిపిస్తూనే ఉంది.