మంగళవారం కత్తెర తరగతి

1957 జూన్‌లో బడి తెరిచేనాటికి, ఆళ్లగడ్డలో నేను లెక్కలు చెప్పే ఉన్నత పాఠశాలకు ఒక ఉత్తర్వు వచ్చి ఉంది. పై తరగతుల విద్యార్థులకు చదువుతో పాటు బతుకుతెరువుకు పనికివచ్చే ఒక చేతిపని కూడా నేర్పాలని దాని సారాంశం. మగ్గం పెట్టడానికి మాకు గది లేదు. వడ్రంగానికి పనిముట్లు లేవు. క్షౌరవృత్తికైతే ఒక కుర్చీ, ఒక అద్దం, నాలుగు కత్తెరలు చాలునని మా ప్రధానోపాధ్యాయులు అన్నారు. పట్టణాలలో సెలూన్లు పెరుగుతున్నాయి, క్రాఫు లేని యువకుడు కనబడడం లేదు, రేపు ఈ పనికి గిరాకీ ఉంటుందని ఆయన వాదన. అందులో తప్పేమీ కనబడలేదు. కాలపట్టిక వేసేది నేనే గనుక తరగతి నిర్వహణ కూడా నాకే అప్పగించారు.

నంద్యాలలో రైలుస్టేషనుకు పోయే దారిలో సెలూన్ నడిపే ఒకాయనను బోధకుడిగా కుదుర్చుకున్నాం. వారంలో ఏ రోజు రాగలరని అడిగాను.

"మంగళవారం వస్తా సార్. ఆ పొద్దు అంగడి మూసే ఉంటాది, యా పనీ ఉండదు" అన్నాడు.

మంగళవారం చివరి రెండు పీరియడ్లు ఆయన పేర రాశాను. ప్రధానోపాధ్యాయులు సంతకం చేశారు. మంగళవారం నాడు ఆ అంగడి ఎందుకు మూసి ఉంటుందో మా ముగ్గురికీ తెలుసు. ఆ రోజున ఎవరూ తలను గాని గడ్డాన్ని గాని కత్తికి అప్పగించరు. తెలిసిన ఈ సంగతిని, కాగితం మీద రాసిన సంగతిని పక్కపక్కన పెట్టి చూడాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

తరగతిలో నలుగురు చేరారు. ముగ్గురు క్షురక వృత్తి కుటుంబాల పిల్లలు, ఒకడు దూదేకుల ఇంటివాడు. తక్కిన ఇళ్లవారెవరూ తమ పిల్లల పేర్లు ఇవ్వలేదు. ఇస్తారని మేమూ అనుకోలేదు. ఆ నలుగురిలో ఒకతని గురించే ఇక్కడ చెప్పవలసి ఉంది. అతడిది సంజామల వైపు ఒక పల్లె. ఆళ్లగడ్డలో మేనత్త ఇంట ఉండి ఎస్సెస్సెల్సీ చదువుతున్నాడు. చెయ్యి నిదానం, చూపు నిలకడ. లెక్కలలో మాత్రం నా తరగతిలో ఆఖరివాడు.

మొదటి మంగళవారం బోధకుడు బూడిదగుమ్మడికాయలు తెప్పించాడు. కాయ మీద ఉన్న బూడిద అంతా కత్తికి రావాలి, తొక్క మీద గీత పడకూడదు. అది కుదిరిన తరువాత కుండకు జనపనార కట్టి దువ్వెన మీద కత్తెర నడపడం నేర్పాడు. ఆగస్టు వచ్చేసరికి ఇక మనిషి తల కావాలన్నాడు. అప్పుడు గాని మేము వేసుకున్న ముడి మాకు కనబడలేదు. రోజు మార్చుదామంటే తక్కిన రోజుల్లో ఆయనకు అంగట్లో తీరిక ఉండదు. రోజు మార్చకుంటే తల దొరకదు.

ఊళ్లో జుట్టు దండిగా ఉన్నవాళ్లు లేక కాదు. వాళ్లలో సగం మంది అహోబిలం నరసింహస్వామికి మొక్కుకొని పెంచుతున్నవాళ్లు. కొందరి భార్యలు గర్భవతులు. కాన్పయ్యేదాకా భర్త కత్తి ముట్టడు. చివరకు మా బడిలో గంట కొట్టే జవాను ముందుకు వచ్చాడు. ఆయన ముస్లిం కనుక మంగళవారం పట్టింపు లేదు. వారం వారం ఆయన తలే, ఆయన గడ్డమే నలుగురూ పంచుకున్నారు. దసరా సెలవులకు ముందు ఒకనాడు ఆయన నా దగ్గరకు వచ్చి టోపీ తీసి చూపాడు.

"చూడండి సార్. ఈ మడిలో ఇంక పంట ల్యా. విత్తనం కూడా మిగల్చలేదు మీ పిల్లోళ్లు."

అప్పటినుంచి తన బంధువులను ఒక్కొక్కరినే వెంటబెట్టుకొని వచ్చేవాడు.

ఏడాది చివర పరీక్షలో అందరికంటె బాగా చేసినవానికి తన సెలూన్‌లో రెండో కుర్చీ ఇస్తానని బోధకుడు మాట ఇచ్చాడు. మా సంజామల అబ్బాయికి ఆ కుర్చీ తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది. దీపావళి సెలవులలో ఈ సంగతి ఇంట్లో చెప్పినట్టున్నాడు. బడి తెరిచిన రోజే కొడుకును వెంటబెట్టుకొని తండ్రి వచ్చాడు. ఆయన ఆ పల్లెలో ఇంటింటికీ తిరిగి క్షౌరం చేసే మనిషి. పంట చేతికి వచ్చినప్పుడు ఒక్కొక్క ఇంటివారు కొలిచి ఇచ్చే గింజలే ఆయన జీతం. వరండాలో స్తంభం పక్కన నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"సామీ, వీని చేత కత్తి మాన్పించేదానికి బడికి పంపినా. మీరు మళ్లా కత్తే పట్టిస్తాండారు. దానికి బడి యెందుకు? ఫీజు ల్యాకుండా ఇంట్లో నేనే నేర్పిద్దును గదా."

పల్లెలో పని వేరు, పట్టణంలో సెలూన్ వేరు అని చెప్పాను.

"ఏం వేరు సామీ? ఆడా గడ్డమే, ఈడా గడ్డమే."

"ఆడ కుర్చీ ఉంటాది నాయనా" అన్నాడు కొడుకు.

"కుర్చీ వచ్చినోనికి. నీకు కాదు. నువ్వు నిలబడే ఉంటావు."

పాస్ అయితే గుమాస్తా పని దొరుకుతుందని తండ్రి ఆశ. ఎస్సెస్సెల్సీ లెక్కలలో ఈ అబ్బాయి గట్టెక్కడని నాకు తెలుసు. ఆ మాట అప్పుడు చెప్పడం సబబుగా తోచలేదు.

1958 మార్చి ఆఖరున, ఎస్సెస్సెల్సీ పరీక్షలు ముగిశాక, చేతిపని పరీక్ష పెట్టారు. కర్నూలు నుంచి పరీక్షాధికారి వచ్చాడు. బోధకుడు ఉండితీరాలి కనుక పరీక్ష కూడా మంగళవారమే పడింది. ఒక్కొక్క విద్యార్థి ఒక మనిషికి తలా గడ్డమూ చేసి చూపాలి. జవాను నలుగురిని మాట్లాడి పెట్టాడు. ముగ్గురు వచ్చారు. నాలుగో మనిషి లారీ క్లీనరు. లారీ కడప దారిలో చెడిపోయి నిలిచిందని కబురు వచ్చింది. సంజామల అబ్బాయి ఒక్కడే ఖాళీ కుర్చీ వెనుక కత్తెర పట్టుకొని మిగిలాడు.

ఆ రోజే అతని తండ్రి కూడా వచ్చి ఉన్నాడు. సంజామలలో ఒక ధాన్యం అంగట్లో చిట్టాలు రాసే పని మాట్లాడుకొని వచ్చాడు. మధ్యాహ్నం బస్సుకు కొడుకును తీసుకుపోతానని మేనత్త ఇంట్లో సంచి కూడా సర్దించాడట. పరీక్ష జరగకపోతే సర్టిఫికెట్ లేదు, నంద్యాల కుర్చీ లేదు. తండ్రి వాదించవలసిన పని కూడా ఉండదు.

"తల లేకుంటే గైరుహాజరు వేస్తాను. నేను చేయగలిగింది ఏమీ లేదు" అన్నాడు పరీక్షాధికారి.

బోధకుడు వరండాలోకి చూశాడు. "పెద్దాయనా, నువ్వే వచ్చి కూచ్చోరాదా? కొడుకే గదా."

"మంగళవారం నాకు నేనే చేసుకోను. వానితో చేయించుకుంటానా?" అన్నాడు తండ్రి, కదలకుండా.

ఆ గదిలో అన్నిటికంటె బాగా పెరిగిన తలా గడ్డమూ నావి. అయితే మా ఇంట్లో అప్పుడు ఏడో నెల. ఆ సంగతి అందరికీ తెలుసు గనుక ఎవరూ నావైపు చూడలేదు.

పోయిన మంగళవారమే నున్నగా అయిన తన తల తడుముకొని జవాను బయటికి పోయాడు. బస్టాండు మా గోడకు ఆవలే. కాసేపటికి ఒక బట్టల వ్యాపారిని వెంటబెట్టుకొని వచ్చాడు. ముస్లిం, నలభై ఏళ్లుంటాయి, తెల్లని లాల్చీ, చేతిలో మూట. నంద్యాల బస్సు కోసం కాచుకొని ఉన్న మనిషి. ఆయన గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, గోడ వారగా మూట పెట్టి, లోపలికి వచ్చి కుర్చీ పక్కన ఆగాడు.

"ఏమప్పా, కూచ్చోవచ్చునా?"

"కూచ్చోండన్నా" అన్నాడు అబ్బాయి.

"బేగా చెయ్. బస్సు పాయెనంటే నీ భుజమెక్కి పోవాల నంద్యాలకు."

"కదలకుంటే బేగా అవుతాది. మాట్లాడకుంటే ఇంకా బేగా."

"మాట్లాడొద్దంటే క్షవరం అంగడికి జనం యెందుకొస్తారప్పా?"

పరీక్షాధికారి కూడా నవ్వాడు. అబ్బాయి నవ్వలేదు. మెడ చుట్టూ గుడ్డ కట్టి, నీళ్లు చిలకరించి, వెనుక నుంచి మొదలుపెట్టాడు. చెవుల దగ్గర రెండుసార్లు ఆగి అద్దంలో ఇరుపక్కలా సరిచూసుకున్నాడు. గడ్డానికి కత్తి పట్టినప్పుడు వ్యాపారి నిజంగానే మాట మానేశాడు. పని ముగిసి పటికరాయి రుద్దాక ఆయన లాల్చీ జేబులో చెయ్యి పెట్టాడు.

"దుడ్లెంత?"

"దుడ్లు వద్దన్నా. పరీక్ష ఇది."

"పరీక్షా?" ఆయన జవాను వైపు తిరిగాడు. "ముందే చెప్పింటే కూచ్చునేవాణ్ణి కాదు గదా. నా గొంతు మీదనా వీళ్ల పరీక్ష?"

అద్దంలో మరోసారి చూసుకొని, మూట తీసుకొని, చెప్పులు తొడుక్కొని పోయాడు. బస్సు దొరికిందో లేదో తెలియదు. పరీక్షాధికారి రాసిన మార్కులు నలుగురిలోకి ఈ అబ్బాయికే ఎక్కువ.

నేను వరండాలోకి వచ్చేసరికి తండ్రి గుమ్మం దగ్గర నేలను చూస్తున్నాడు.

"ఆయప్ప చెప్పులు బయట ఇడిచి వచ్చినాడు సామీ."

"అవును."

"నేను కత్తి పట్టినకాణ్ణుంచి నా ముందర చెప్పులిడిచినోడు ల్యా."

బడి గదిలోకి ఎవరైనా చెప్పులు విడిచే వస్తారు. ఆ మాట నేను అనలేదు. ఆయన బోధకుని వైపు తిరిగాడు.

"నంద్యాలలో గూడా వాళ్లే నడిచి వస్తారా? మనం పొయ్యేది ల్యా?"

"యాడికీ పొయ్యేది ల్యా. వాళ్లే వస్తారు. బల్ల మీద కూచ్చోని కాచుకుంటారు."

"రెడ్లు గూడానా?"

"రెడ్లు గూడా. ముందొచ్చినోనికి ముందు."

కొడుకు కుర్చీని తుడిచి, కత్తెరలు గుడ్డలో చుట్టి బయటికి వచ్చి నిలబడ్డాడు. తండ్రి అతని ముఖం చూడకుండానే చెప్పాడు.

"పో. ఆ ధాన్యమాయనకు నేను చెప్పుకుంటాలే. ఒక మాట ఇను. ఊరికొచ్చేటప్పుడు కత్తి తేవొద్దు. ఒక్కతూరి తెచ్చినావంటే, ఇంక నాతో పాటు వాకిండ్లెంబడి తిరగాల్సిందే."

ఆ సంవత్సరం అతడు లెక్కలలో తప్పాడు. జూన్‌లో నంద్యాలకు పోయి రెండో కుర్చీ దగ్గర నిలబడ్డాడు. మా బడిలో ఆ తరగతి మరుసటి ఏడు లేదు. ఇద్దరే పేర్లిచ్చారు, ఇద్దరికి బోధకుణ్ణి రప్పించడం కుదరదన్నారు. ఆ పీరియడ్లలో నేను లెక్కలు చెప్పాను.

1960లో నాకు నంద్యాల బదిలీ అయింది. సెలూన్‌కు వెళ్లి బల్ల మీద నా వంతు వచ్చేదాకా కూర్చున్నాను. అతడు గుడ్డ కడుతూ ఊరి సంగతులు చెప్పాడు. ఆ మధ్య ఊరి దేవర జాతరకు పోయాడట. పెద్ద రైతు ఒకాయన అరుగు మీద నుంచి పిలిచాడు.

"ఒరే నంద్యాలోడా, ఇట్ల రా. మీ నాయన చెయ్యి వణకతాంది. ఈ పొద్దు నువ్వు చెయ్."

"కత్తి నంద్యాలలో ఉండాది రెడ్డీ. బస్సెక్కి రాండి, చేస్తా" అన్నాడట ఇతడు.

ఆ యేడు ఆ ఇంటినుంచి రావలసిన గింజలు రాలేదు. మీ నాయన ఏమన్నాడని అడిగాను.

"నేను చెప్పింది నిజమేనా అని నా సంచి దించి అంతా ఎతికినాడు సార్. కత్తి కనపడకపొయ్యేసరికి, పోయి పడుకున్నాడు."