నల్లకాడ చేమకు ఏడో రోజు

మాసినాకు చేతులు ఊరికే ఉండవు. చర్చిలో పాట సాగుతుంటే పుస్తకం అంచు మడుస్తుంది, విప్పుతుంది, మళ్లీ మడుస్తుంది. ద్వీపంలోని అపియా పట్నం దగ్గర చేమమొక్కలు పెంచే ల్యాబ్‌లో పద్నాలుగేళ్లుగా సీసాలు పట్టిన చేతులవి.

ఆమె మేనమామ, ఊరిపెద్ద ఇయోసెఫో తోటలో నల్లకాడ చేమను ఆకుతెగులు తినేసింది. ఊళ్లో ఇంకెక్కడా ఆ రకం లేదు. మిగిలిన రెండు పిలకల్ని ముసలాయన తడిగుడ్డలో చుట్టి, పసిబిడ్డను అందించినట్టు ఆమె ఒడిలో పెట్టాడు. "ఇక నీ దగ్గరే ఉంది" అన్నాడు, అంతే.

ఒక పిలకను కుండీలో నాటి, రెండోదాని మొగ్గను ముక్కలు చేసి సీసాల్లో జెల్లీ తిండి మీద పెట్టింది. నాలుగో రోజుకి ముక్కల చుట్టూ బియ్యం కడిగిన నీళ్లలాంటి మసక. మొక్క లోపలే దాగిన బాక్టీరియా. భయపడి యాంటీబయాటిక్ రెట్టింపు వేసింది. మసక పోయింది. సీసాలు వాన వెలిసిన ఆకాశంలా మెరిస్తే సంబరంగా అందరికీ చూపించింది. నెల గడిచినా ఒక్క ముక్కా మొలకెత్తలేదు. మందు, క్రిములతోపాటు చిగురించే బుద్ధిని కూడా చంపేసింది.

కుండీలోని పిలకే చివరిది. దాన్ని మూడు ముక్కలు చేసి, ఈసారి సగం మందు, ఏడు రోజులే అనుకుంది. సోమవారం పెట్టింది. తొందరలో వేళ్లు మడిచి చూసుకోలేదు, ఏడో రోజు ఆదివారమని, ఊళ్లో పని కూడని రోజని. శనివారమే తీస్తే మసక తిరిగొస్తుంది. సోమవారం దాకా ఆగుదామంటే ముక్కల అంచులు అప్పుడే తెల్లబడుతున్నాయి.

చర్చి నుంచి వచ్చి భోజనాలకు కూర్చున్నారు. రాళ్ల పొయ్యిలోంచి తీసిన సీమపనసకాయ ఆమె ముందే చల్లారిపోయింది.

"ఏమ్మా, బెంచీలో చీమలున్నాయా? పాస్టరుగారు నిన్ను చూసి రెండుసార్లు ప్రసంగం మర్చిపోయారు" అన్నాడు ఇయోసెఫో.

"సీసాలు మార్చాలి మామా. ఇవాళే."

"ఆదివారం పనా? పోయినేడు ఆదివారం గొడ్డలి పట్టినవాడి చేత ఊరికి ఒక పందిని జరిమానాగా కట్టించింది నేనే."

"అందుకేగా నీతో చెప్పంది."

ఆయన నెమ్మదిగా నమిలాడు. "మార్చడమంటే?"

"మందు తిండి మీంచి తీసి మామూలు తిండి మీద పెట్టడం."

"పొద్దున పందులకు ఎవరు పెట్టారు?"

"నేనే."

"మరి నీకు జరిమానా వేశానా?"

మాసినా తలెత్తింది.

"ఆకలైనవాటికి పెట్టడం పని కాదు, వెళ్లు. చర్చికి కట్టిన ఆ తెల్లబట్టలు మార్చకు. చూసినవాళ్లు ప్రార్థనకనుకుంటారు."

తిండి మార్చిన మూడు వారాలకు ఒక సీసా మళ్లీ మసకబారింది; పారేసింది. రెండోదానిలో ఏమీ మొలవలేదు. మూడోదానిలో, ముక్క పక్కన, ఆవగింజంత పచ్చదనం.

ఇయోసెఫో వచ్చి చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూశాడు. "కాడ నలుపేనా?"

"ఇంకా కాడే రాలేదు మామా."

"ఎప్పుడొస్తుంది?"

ఆమె సీసాను వెలుతురు కిందికి జరిపింది. ఒక్క నిమిషం చూసి, మళ్లీ జరిపింది.