లేని పదహారు పేజీలు

నా నవల నేనే అచ్చు వేయించుకున్నాను. ఈ మాట చెప్పడానికి మొదట్లో సిగ్గుపడేవాణ్ణి, ఇప్పుడు లేదు. పత్రికలు తిప్పి పంపాయి. ప్రచురణ సంస్థలు జవాబే ఇవ్వలేదు. ఎర్రమంజిల్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు ఇతరుల ఫైళ్ళ మీద నోట్లు రాసినవాడికి, రిటైరయ్యాక సొంతంగా ఒక పుస్తకం రాసుకునే హక్కు లేదా? ఉందనే అనుకుని, అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్ల మధ్య మూడో అంతస్తులో ఉన్న ఒక ఆఫీసు మెట్లెక్కాను. రచయితల ఖర్చుతో పుస్తకాలు వేసిపెట్టే చోటు అది.

ఇలాంటివాళ్ళంతా రచయితల్ని నిలువునా ముంచుతారని విన్నాను గానీ, అక్కడి యజమాని మర్యాదస్తుడు. "మీరు ఫికర్ చెయ్యకున్రి సార్, మస్తు మంచిగ తెస్త" అన్నాడు. ముఖచిత్రం నిజంగానే బాగా కుదిరింది. ముందుమాటలు నాలుగు. రాసిన నలుగురూ నాకు తెలిసిన పెద్దలే. నవల చదివే రాశారని అప్పట్లో నమ్మాను.

పంజాగుట్టలో ఒక చిన్న హాల్లో ఆవిష్కరణ పెట్టుకున్నాం. ముఖ్య అతిథి మెరుపు కాగితం విప్పి, పుస్తకాన్ని గుండెలకు ఆనించుకుని ఫొటోకు నిలబడ్డారు. నాకు శాలువా కప్పారు. వచ్చినవాళ్ళందరికీ తలా ఒక కాపీ ఉచితంగా పంచాం, మన సభల్లో మామూలే కదా. ఉపన్యాసాలు సాగుతుంటే వేదిక మీద కూర్చుని నా కాపీ తిరగేశాను. అరవై అయిదు నుంచి ఎనభై దాకా పేజీలు వచ్చాక, మళ్ళీ అరవై అయిదు మొదలైంది. అవి అయ్యాక ఏకంగా తొంభై ఏడు! బైండింగులో ఒక ఫారం, అంటే పదహారు పేజీలు, రెండుసార్లు పడింది. దాని తర్వాతి ఫారం అసలు పడనే లేదు. పక్కాయన కాపీ అడిగి చూశాను. అదీ అంతే. మైకు దగ్గర ఒకాయన "ఈ నవలలో ఒక్క పేజీ కూడా తీసేయడానికి వీల్లేదు" అంటున్నాడు.

మర్నాడు వెళ్ళి చెబితే యజమాని నాకంటే ఎక్కువ కుంగిపోయాడు. "తప్పు మాదే సార్. కాపీలన్నీ వాపస్ తెప్పించున్రి, విప్పి మళ్ళ కుట్టిస్త" అన్నాడు. నా బుద్ధి వంకర తిరిగింది ఇక్కడే. "వద్దండీ. ఆ పదహారు పేజీలు విడిగా వేసివ్వండి చాలు. ఎవరు ఫోన్ చేసి అడిగితే వాళ్ళకిస్తాను" అన్నాను. వెనక అట్ట మీద నా నంబరు ఉంది. ఎవరెవరు చదివారో తేలిపోతుందని నా ఎత్తు.

ఆయన నా మొహంలోకి చూసి, "ఎవ్వరు అడగకుంటే మీరే బాధపడ్తరు సార్" అన్నాడు మెల్లగా.

ఫోన్లు వచ్చాయి, రాకపోలేదు. "ఏకబిగిన చదివేశానండీ" అన్నారు మా బావగారు. "మధ్య భాగంలో కన్నీళ్ళు ఆగలేదు గురువుగారూ" అన్నాడు పాత సహోద్యోగి ఒకడు. లేని భాగానికి ఎలా ఏడ్చావయ్యా అని అడగబోయి నాలుక కరుచుకున్నాను. మొదట్లో నవ్వొచ్చేది. నెల తిరిగేసరికి కోపం వచ్చింది. మూడో నెలకి కోపం కూడా పోయి, ఏడుపొక్కటే మిగిలింది. ఆరేళ్ళు రాశాను ఆ నవల. ఒక్కరంటే ఒక్కరు ఎనభయ్యో పేజీ దాటలేదు. మా ఆవిడ దాటిందో లేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఒక మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోన్.

"సార్, నేను పంజాగుట్టల టైలర్‌ను. మా గిరాకి మేడమ్ ఒకామె చీరకు ఫాల్ వెయ్యమని ఇచ్చినప్పుడు మీ బుక్ సుత ఇచ్చిపోయిన్రు. గిదేంది సార్, నడుమ పేజీలు లెవ్వు? ఇల్లిడిసి పోయినామె మళ్ళ అదే ఇంట్ల అన్నం వండుతున్నది. ఎందుకొచ్చిందో తెల్వక రెండు దినాల సంది పని మీద మనసు పడ్తలేదు."

ఆ పేజీలు సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాను. ఒకే షట్టరున్న చిన్న దుకాణం. ఫోన్ చేసిన టైలరమ్మకు యాభై ఏళ్ళుంటాయి. మెషిన్ ఆపి, అక్కడే కూర్చుని చదవడం మొదలుపెట్టింది. పరీక్ష ఫలితాలు చూసుకోవడానికి వచ్చినవాడిలా గుమ్మంలో నిలబడ్డాను. పదహారు పేజీలూ అయ్యాక కాగితాలు మడిచి నా చేతిలో పెట్టింది.

"గిందుకా సార్ వచ్చింది? మొగడు జర ఏడ్వంగనే వచ్చిందా?"

"మనుషులు అలాగే వస్తారమ్మా" అన్నాను, కాస్త కటువుగానే.

"వేరేటోళ్ళు వస్తరేమో. ఈమె రాదు సార్. మొదలు మీరు రాసిన మనిషి గట్ల వచ్చేది కాదు."

ఆ పదహారు పేజీలంటే నాకు ప్రాణం. వాటిలో అక్షరం ముట్టుకోమన్నా ఒప్పుకునేవాణ్ణి కాదు. అయినా నాకు కోపం రాలేదు. పట్టరాని సంతోషం వచ్చింది. నేను సృష్టించిన మనిషి తరఫున ఒకామె నాతోనే పోట్లాడుతోంది. కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

"మరి ఎందుకు వచ్చి ఉంటుందంటారు?" అని అడిగాను.

ఆమె ఒళ్ళో ఉన్న జాకెట్టు తీసి పక్కన పెట్టి, స్టూలు నా వైపు జరిపింది.

"కూసోన్రి సార్, చెప్త."